మా ఇల్లు నోరు మూసుకున్న ఎండాకాలం

నిన్న పొద్దున నా కోడలు కాఫీ గ్లాసు నా ముందర పెట్టి, పోకుండా ఆడనే నిలబడింది. "అత్తా, ఒక మాట చెప్తే కోపం చేసుకోరు గదా?" అనింది. అట్ల మొదలుపెట్టిన మాట ఏదీ నా బతుకులో మంచి మాట కాలేదు. "చెప్పు, విన్నాక చూద్దాం" అన్నాను.

విషయం ఏమంటే, నా మనవరాలికి మూడు నిండి నాలుగో ఏడు నడుస్తాండాది. ఈ జూన్‌లోనే కర్నూల్లో ఒక ఇంగ్లీషు బళ్లో వేసినారు. నెల తిరక్కముందే ఆ బడి మిస్సు నా కొడుకునూ కోడల్నూ పిలిపించి చెప్పిందంట: "ఇంట్లో ఎవరో పాపతో తెలుగులో బాగా మాట్లాడుతున్నట్టున్నారు, అందుకే ఇంగ్లీషు రావడం లేదు, ఇకనుంచి ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడండి" అని. ఎవరో అంటే ఎవురు? నేనే. పాపకు తలదువ్వేది నేను, అన్నం పెట్టేది నేను, నిద్రపుచ్చేది నేను.

"మీరెట్లాగూ ఇంగ్లీషు టీచరే గదత్తా, మీకేం కష్టం?" అనింది కోడలు.

నిజమే. జిల్లా పరిషత్తు బళ్లల్లో, కోడుమూరు పక్కనా డోన్ పక్కనా పల్లెలు తిరుగుతా, నా బతుకంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఇంగ్లీషంటే పడని ముసల్దని నన్ను ఎవురూ అనేదానికి లేదు. ఆ ఇంగ్లీషే నాకు కూడు పెట్టింది. కానీ, మూడేండ్ల బిడ్డ నోట్లోంచి ఉన్న మాట పెరికి లేని మాట నాటల్లంటే మాత్రం నాకు ఒళ్లు మండుతాది. కాఫీ తాగకుండా లేచి వచ్చేసినా. ఇంట్లో ఇప్పటికీ ఎవురూ ఎవురితో సరిగ్గా మాట్లాడ్డం లేదు.

నా కోపం ఊరికే వచ్చింది గాదు. దానికి ఒక ఎండాకాలం ఉండాది.

మా ఊరు కోడుమూరుకు దగ్గర్లో ఒక మెట్ట పల్లె. వాన పడితే బుడ్డలు, అదే వేరుశెనక్కాయ, లేకపోతే జొన్నలు, అదీ లేకపోతే ఆకాశం చూస్తా కూచునేది. మా మిద్దెలో వాకిలి దాటితే ముందర ఎనుములు, ఎద్దులు. వాటిని దాటుకోనే మేముండే లోపలికి పోవల్ల. పేడ వాసన, పచ్చిగడ్డి వాసన, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన అన్నీ కలిసి ఒకటే వాసన మా ఇల్లంతా. ఇప్పుడు ఈ ఫ్లాటులో ఏ గదిలో నిలబడినా ఫినాయిల్ వాసనే.

ఇంట్లో పెత్తనం మా జేజినాయనది, అంటే మా నాయన వాళ్ల నాయనది. మా నాయనకు పెండ్లయి ఇద్దరు బిడ్డలు పుట్టినా, ఆయన ముందర నోరెత్తేవాడు గాదు. జేజినాయన చెడ్డమనిషి అని నేను అనను. కానీ మాట ఇచ్చినాడంటే కొండ మీంచి బండ దొర్లినట్టే, మధ్యలో ఎవురుండినా ఆగదు. ఎప్పుడో ఏదో తగాదాలో, తన బామ్మర్ది ఇంటి గడప తొక్కనని నలుగుర్లో అన్నాడంట. ఆ బామ్మర్ది సచ్చిపోతే చూసేదానికి పోయినాడు, కానీ వీధిలోనే నిలబడి దండం పెట్టి వచ్చినాడు. మా జేజి తమ్ముడు సచ్చి లోపల పండుకోనుంటే, మొగుడు వీధిలో ఎండకు నిలబడినాడు. ఊర్లో అందరూ దాన్ని శానా గొప్పగా చెప్పుకునేవాళ్లు. జేజి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

నా తమ్ముడు నాకంటే నాలుగేండ్లు చిన్న. వాడు వసపిట్ట. మాటలు రావడమే ఒకేసారి గంపెడు వచ్చినాయి. పొద్దున కండ్లు తెరిచినప్పుడు మొదలుపెడితే నిద్రపోయేదాకా ఆపేవాడు గాదు. "జేజీ, ఎనుము ఏం నములుతాండాది? నోట్లో ఏమీ లేదు గదా? నిన్నటిదా? నిన్నటిది నేనూ నమలచ్చా?" అని ఒగటే ప్రశ్నలు. బుడ్డలు ఒలిచేదానికి వచ్చే ఆడోళ్లు వాన్ని మధ్యలో కూచోబెట్టుకొని, బెల్లంముక్క చేతిలో పెట్టి, "ఏం అబ్బీ, మీ నాయన నిన్న మీ అమ్మను ఏమన్నాడు?" అని అడిగేవాళ్లు. వాడు గుక్క తిప్పుకోకుండా ఉన్నదీ లేనిదీ చెప్పేసేవాడు. అమ్మ సిగ్గుతో పొయ్యి కాడికి పరిగెత్తేది. ఇల్లంతా నవ్వులు.

అట్లాంటోన్ని ఐదేండ్లన్నా నిండకుండానే కర్నూల్లో ఇంగ్లీషు బళ్లో, ఆడనే హాస్టల్లో వేసినాడు మా జేజినాయన.

కారణం లేకపోలేదు. మా చేను గట్టు తగాదా ఒకటి కర్నూలు కోర్టుకు పోయింది. ఆడ వకీళ్లు, జడ్జీ, అంతా ఇంగ్లీషే. ఇంటికి వచ్చి జేజినాయన రొట్టె ముట్టకుండా కూచున్నాడు. "నా చేను గురించి నా ముందరే మాట్లాడుకుంటాండారు. నేను గొడ్డు మాదిరి నిలబడినా. గెలిచినానో ఓడినానో కూడా బయటికి వచ్చినాక గుమాస్తాను అడిగి తెలుసుకోవాల్సొచ్చె" అన్నాడు. ఆయనకు అట్లాంటి అవమానం ఎప్పుడూ జరగలేదు. ఆ పొద్దే అనుకున్నాడు, ఈ ఇంట్లో ఒకనికి ఇంగ్లీషు రావల్ల, అదీ దొరలకు వచ్చినట్టు రావల్ల అని. ఆయన బాధ నాకు ఇప్పుడు అర్థమైతాది. కానీ ఆయన అవమానానికి మందు ఐదేండ్ల పిల్లోని నాలిక మీద ఎందుకు వేయల్ల?

నన్ను మాత్రం ఊరి బళ్లోనే ఉంచినారు. "ఆడపిల్లకు ఇంగ్లీషెందుకు, రొట్టెలు కాల్చేదానికా?" అన్నాడు జేజినాయన. మా ఇంట్లో ఆడపిల్లల్ని తక్కువ చేసినందువల్ల ఎవురికైనా మేలు జరిగిందంటే అది నాకే, ఆ ఒక్కసారే.

బళ్లో చేర్పించే రోజు నేనూ వెంట పోయినా, సద్దిమూట మోసేదానికి. ఆ బడి పెద్దమ్మ, అంటే హెడ్‌మిస్ట్రెస్సు, కుర్చీలో కూచోని, మా వాని గదమ పట్టుకొని నోరు తెరిపించి చూసింది, సంతలో ఎద్దు పండ్లు చూసినట్టు. "సరైన వయసులో తెచ్చినారు. ఇంకో రెండేండ్లు పోయింటే నాలిక తిరిగేది గాదు" అనింది తెలుగులోనే. జేజినాయన ముఖం వెలిగిపోయింది. ఆమె ఊరుకోకుండా ఇంకో మాట చెప్పింది. "ఒక్కటే షరతు. సెలవులకు ఇంటికి పంపినప్పుడు ఎవ్వరూ వానితో తెలుగు మాట్లాడగూడదు. మాట్లాడితే మేం ఏడాదంతా పడిన పాట్లు నీళ్లపాలే."

"మాటిస్తాండానమ్మా" అన్నాడు జేజినాయన.

నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. ఆ పెద్దమ్మకైనా ఏమర్థమైందో నాకు తెలీదు. తను ఎవురి దగ్గర మాట తీసుకుంటాండాదో మాత్రం ఆమెకు తెలీదు.

దసరాకు, నడుమ సెలవులకు వాన్ని పంపలేదు. బళ్లోనే పెట్టుకున్నారు. ఎండాకాలం వచ్చినాక నాయన పోయి పిల్చుకొచ్చినాడు. వాడు వచ్చేదానికి ముందురోజు జేజినాయన అందరినీ పిలిచి చెప్పినాడు. "వానితో ఎవురూ తెలుగు మాట్లాడగూడదు. నేను మాటిచ్చినా."

మా జేజి అనింది, "మరి ఏం మాట్లాడల్ల? మనకు వచ్చేది అదొక్కటే గదా?"

"ఇంగ్లీషు వస్తే ఇంగ్లీషు మాట్లాడండి. రాకపోతే నోరు మూసుకోండి."

మా ఇంట్లో ఎవురికీ ఇంగ్లీషు రాదు. కాబట్టి ఇల్లంతా నోరు మూసుకునింది.

బస్సు దిగి వీధిలో నడిచి వస్తాంటే నేను మొదట వాన్ని గుర్తుపట్టలేదు. తల నున్నగా కత్తిరించినారు, కాళ్లకు నల్ల బూట్లు, ముఖంలో రెండు కండ్లే. అమ్మ వాకిట్లోకి ఉరికింది. "నా..." అని నోరు తెరిచింది. జేజినాయన చెయ్యి పైకెత్తినాడు. అమ్మ నోరు అట్లనే మూసుకొని, వాన్ని గట్టిగా కరుచుకొని, కొంగుతో వాని ముఖం తుడిచింది. వాడు అమ్మ ముఖం చూసినాడు, జేజి ముఖం చూసినాడు, నా ముఖం చూసినాడు. ఎవురో ఒకరు ఏదో ఒకటి అంటారని చూస్తాండాడు. మేము నవ్వినాము. మూగోళ్లు నవ్వినట్టు పండ్లు బయటపెట్టి నవ్వినాము. వాడు తల దించుకొని బూట్లు విప్పుకున్నాడు.

ఇప్పుడు ఎవురికైనా చెప్తే నవ్వుతారు. ఇంత తెలివితక్కువ పని చేస్తారా అంటారు. చేసినారు. అన్నం తింటావా అని అడగల్లంటే చేత్తో నోటి కాడికి ముద్ద చూపించేది. నిద్రపో అనల్లంటే చెంప కింద చెయ్యి పెట్టి చూపించేది. స్నానం అంటే నెత్తిన చెంబు పోసుకున్నట్టు చూపించేది. మా జీతగాడు పాపం ఏమీ చూపించలేక, తమ్ముడు కనపడితే చాలు, గోడ చాటుకు పోయేవాడు. విత్తనం బుడ్డలు ఒలిచేదానికి వచ్చే ఆడోళ్లు ఒకపూట కూచున్నారు, రెండో పూట లేచిపోయినారు. "మాట్లాడకుండా బుడ్డలు ఒలిచేది ఎట్లమ్మా, చేతులు ఆడవు" అని పక్కింటి వసారాలోకి మారినారు. ఆడనుంచి వాళ్ల నవ్వులు వినపడేవి. మా తమ్ముడు గోడ పక్కన కూచోని ఆ నవ్వులు వినేవాడు.

అమ్మ వానికి ఇష్టమని అలసంద వడలు చేసేది, పుండికూర, అదే గోంగూర, నూరి నెయ్యేసి పెట్టేది, బుడ్డలూ బెల్లమూ దంచి ఉంటలు కట్టేది. తట్టనిండా పెట్టి వాని ముందర కూచునేది. బాగుండాదా అని అడగడానికి లేదు. వాడు తిన్నాడో లేదో తట్ట చూసి తెలుసుకునేది.

ఈ కట్టడిని మొదట తప్పించుకునింది మా జేజి. ఆమె మొగున్ని ఎదిరించే మనిషి గాదు, అట్లని ఊరుకునే మనిషీ గాదు. జేజినాయన చెప్పింది ఏమి? పిల్లోనితో మాట్లాడగూడదని. ఎనుముతో మాట్లాడొద్దని చెప్పలేదు గదా. మా పాడి ఎనుముకు గడ్డి వేస్తా, వాడు వినేటట్టు గట్టిగా మాట్లాడేది. "ఏమే, ఎండలో తిరగాకే, నెత్తి మాడిపోతాది. ఉట్టి మీద చట్టిలో పెరుగు పెట్టినా, తిని పండుకోవే" అనేది. ఎనుము చెవులు ఆడించేది. తమ్ముడు మెల్లగా పోయి ఉట్టి కింద నిలబడేవాడు. జేజినాయన అరుగు మీద కూచోని అంతా వింటానే ఉండె. తన మాట తప్పలేదు కాబట్టి ఏమీ అనలేదు.

నేనూ ఊరుకోలేదు. ఒక సాయంత్రం వాన్ని మిద్దె మీదికి లాక్కొనిపోయి, దొంగతనంగా దాచిన మామిడికాయ ముక్క చేతిలో పెట్టి, "రేయ్, నాతో మాట్లాడురా, ఎవురూ లేరు" అన్నాను. వాడు మాట్లాడలేదు. చటుక్కున లేచి తన చెయ్యి నా నోటికి అడ్డం పెట్టినాడు. గట్టిగా పెట్టినాడు, పండ్లకు పెదవి తగిలి నొప్పి పుట్టింది. వాని కండ్లల్లో భయం నా మీద గాదు, నా కోసం. నాకేమైనా చేస్తారని భయపడినాడు. బళ్లో ఏం చేస్తారో తర్వాత తెలిసింది, వాడు మాకు చెప్తే గాదు. వాడు ఎనుముతో చెప్తాంటే జేజి వినింది.

అవును, వాడూ ఎనుముతోనే మాట్లాడ్డం మొదలుపెట్టినాడు. జేజిని చూసే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు పోయి దాని ముందర గొంతు కూచొని, సన్నగా, ఆగకుండా, ఏడాది మాటలన్నీ చెప్పేవాడంట. బళ్లో ఎవురైనా తెలుగు మాట అంటే మూతికి గుడ్డ కట్టి, కూడు తినేటప్పుడు అందరి ముందర నిలబెడతారంట. ఎవురు అన్నారో పక్కనోడు చెప్పల్లంట. చెప్పకపోతే వానికీ గుడ్డంట. జేజి పేడ ఎత్తుతా వినింది, చాటుకు పోయి ఏడ్చింది. జేజినాయనకు చెప్పింది కూడా. ఆయన శానాసేపు మీసం దువ్వుకొని, "నేర్చుకునేదంటే కష్టం ఉంటాదిలే" అన్నాడు.

అప్పటికి ఎండలు ముదిరినాయి. బండలు పెనాల మాదిరి కాలుతాండాయి. ఒక మిట్టమధ్యాహ్నం, నేను అరుగు కింద గచ్చకాయలు ఆడుకుంటాండా. జేజినాయన అరుగు మీద విసనకర్రతో విసురుకుంటాండాడు. తమ్ముడు పెరట్లో రాళ్ల గోడ దగ్గర ఆడుకుంటాండినోడు లేచి వచ్చినాడు. ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకొని వచ్చినాడు. ముఖమంతా చెమట. ఎండాకాలం గదా, చెమట ఎవురు పట్టించుకుంటారు? అమ్మ రోటి కాడ కారం దంచుతాండాది. వాడు అమ్మ ముందర కొంచెంసేపు నిలబడినాడు. అమ్మ తల ఎత్తి, చేత్తో "ఏమి?" అని సైగ చేసింది. వాడు ఏమీ అనలేదు. నా పక్కగా పోయినాడు. జేజినాయన ముందర పోయినాడు. ఆయన విసనకర్రతో, పోయి పండుకో అన్నట్టు లోపలికి చూపించినాడు. అమ్మనూ నన్నూ జేజినాయననూ దాటుకొని వాడు ఎనుము కాడికి పోయినాడు.

ఆడ జేజి దాని కాళ్ల కింద చిమ్ముతాండాది. వాడు ఆమెను చూడలేదు. ఎనుము మెడకు నెత్తి ఆనించి చెప్పినాడంట:

"నన్ను తేలు కుట్టిందే. శానా మంటగా ఉండాదే. ఎవురికీ చెప్పాకే."

మా జేజి పెట్టిన కేక ఊరంతా వినింది. "ఓరి దేవుడా, బిడ్డను తేలు కుట్టిందిరా!"

మేం ఉరికేటప్పటికి వాని చెయ్యి మోచేతిదాకా వాచిపోయింది, కాళ్లు ఐసు మాదిరి చల్లగా ఉండాయి. అంత మంట పెట్టుకొని వాడు ఏడవలేదు. ఏడిస్తే తెలుగులో ఏడుస్తానని భయపడినాడేమో. అమ్మ వాన్ని ఒళ్లో వేసుకొని, "యాడ నాయనా? ఎంతసేపైంది నాయనా? చెప్పు నాయనా" అని గొంతు చించుకుంటాండాది. వాడు పండ్లు బిగబట్టి, అమ్మను గాకుండా జేజినాయనను చూస్తాండాడు.

అప్పుడు మా అమ్మ, ఆ ఇంటికి వచ్చినప్పట్నుంచి మామ ఎదురుగా నిలబడి ఎరగని మా అమ్మ, లేచింది.

"చూసినావా?" అనింది. జేజినాయనను నువ్వు అనింది. "నా బిడ్డ నన్ను దాటుకొని గొడ్డుతో చెప్పుకోవాల్సొచ్చె. నీ మాట నువ్వే నెత్తిన పెట్టుకొని మోసుకో. నా బిడ్డ నోరు నాకియ్యి!"

జేజినాయన విసనకర్ర పారేసి, వాన్ని భుజాన వేసుకొని రోడ్డుకు పరిగెత్తినాడు. కాళ్లకు చెప్పులు గూడా లేవు. ఆ వేళకు బస్సు లేదు. బండల లారీ ఒకటి వస్తాంటే దానికి అడ్డం నిలబడినాడు. అమ్మా నేనూ ఎక్కినాము. దోవ పొడుగునా ఆయన వాన్ని బతిమాలుతానే ఉన్నాడు. "అబ్బీ, మాట్లాడు సామీ. తెలుగులోనే మాట్లాడు. నేను చెప్తాండా గదా. ఒక్కమాట, నాయనా." ఆయన ఏడ్చింది నేను అప్పుడే చూసినా. వాడు మాట్లాడలేదు.

కోడుమూరులో డాక్టరు సూది పట్టుకొని అడిగినాడు, "కుట్టి ఎంతసేపైంది?" ఎవురికీ తెలీదు. తెలిసినోడు ఒక్కడే, వాడు నోరు తెరవడు. డాక్టరు మా ముఖాలు చూసి, "ఏంది, పిల్లోడు మూగోడా?" అన్నాడు.

బతికినాడు. పొద్దు గుంకేదాకా ఏ సంగతీ చెప్పలేమన్నారు, ఆ తర్వాత ఫరవాలేదన్నారు.

వాడు లేచి తిరిగినాక జేజినాయన కర్నూలు పోయినాడు. ఇచ్చిన మాట ఇచ్చిన చోటనే వాపసు తీసుకోవల్ల, అదీ ఆయన పద్ధతి. ఆ పెద్దమ్మ, "ఒక్క ఏడాదిలో పెరికేస్తారా? ఇంక ఈ జన్మకు ఇంగ్లీషు రాదు" అనిందంట. ఈయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, వాని ఇనుప పెట్టె మోసుకొని వచ్చినాడు. వచ్చి వాని పక్కన కూచోని, "ఏమబ్బీ, రొట్టె తింటివా?" అని అడిగినాడు. రోజూ అడిగినాడు. వాన పడి, విత్తనం పెట్టి, బుడ్డల చేను పూత పట్టేదాకా వాడు జవాబు చెప్పలేదు.

వాన్ని ఊరి బళ్లోనే వేసినారు. ఆ జన్మకు రాదన్న ఇంగ్లీషు ఆరో తరగతిలో వచ్చింది, నాకు వచ్చినట్టే. అప్పుడు మాకు ఏబీసీడీలు ఆరోలోనే. సైకిలు మీద వచ్చే అయ్యవారు చెట్టు చూపించి, తలుపు తెరిపించి, మమ్మల్ని కూచోబెట్టి లేపి, నవ్వించి నేర్పించినాడు. మాకు అప్పటికి మా మాటలు మాకుండాయి. తిట్టేదానికి, ఏడ్చేదానికి, అమ్మను అడిగేదానికి. ఇంగ్లీషు ఇంటికి వచ్చిన చుట్టం మాదిరి వచ్చింది, పీట వేసి కూచోబెట్టుకున్నాము. అది ఎవుర్నీ ఇంట్లోంచి తరమలేదు. నేను దాన్ని బతుకంతా చెప్పినా. మా తమ్ముడు బ్యాంకులో పెద్ద ఆఫీసరైనాడు, మీటింగుల్లో వాడు ఇంగ్లీషులో మాట్లాడితే అందరూ వినేవాళ్లంట. అందుకే, ఏ వయసులో పెట్టల్ల అని నన్నెవురైనా అడిగితే ఒకటే చెప్తా. బిడ్డ తన నొప్పి తన మాటలో తనవాళ్లకు చెప్పుకునేది నేర్చినాక పెట్టండి. అంతకు ముందు పెట్టేది చదువు గాదు.

నిన్న రాత్రి ఉండబట్టలేక ఇదంతా కోడలికి చెప్తే ఆమె అనింది, "అది ఆ కాలం అత్తా. ఇప్పుడు గుడ్డలు కట్టరు, దెబ్బలు కొట్టరు. చేతి మీద స్టార్ వేస్తారు." నాకు ఇంకా మండింది. మా వాన్ని చెడిపింది బడి గాదు తల్లీ. బళ్లో కట్టిన గుడ్డను వాడు ఎప్పుడో మర్సిపోయినాడు, అడిగితే నవ్వుతాడు కూడా. ఇంటికి వస్తే ఇంట్లోవాళ్లు నోరు మూసుకున్నారు చూడు, అదీ వాడు మర్సిపోలేనిది. ఇప్పుడు నువ్వు నన్ను చేయమంటాండేది అదే పని. స్టార్లు పెట్టి చేయమంటాండావు.

పోయినేడాది, కడపలో కాపురముండే మా తమ్ముడు ఆసుపత్రిలో పడినాడు. ఆ పొద్దు పెండ్లాము, ఇద్దరు కొడుకులు, కోడండ్లు, అందరూ కలిసి గండికోట చూసేదానికి పోయినారంట. ఆడ కోట మీద, పెన్న లోయ అంచున అందరూ ఫొటోలు తీసుకుంటాంటే వానికి గుండెలో పట్టుకునింది. పోయి ఒక బండ మీద కూచున్నాడు. పెండ్లాము "ఏమైంది?" అనింది. "ఏం లేదు" అన్నాడు. కారులో అందరి మధ్యన కూచోని కడపదాకా వచ్చినాడు. దోవలో టీ కూడా తాగినాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటా పడిపోయినాడు.

నేను కర్నూలు నుంచి బస్సు పట్టుకొని పోయేటప్పటికి కండ్లు తెరిచినాడు. నాకు భయమూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చినాయి. ఆసుపత్రి అని గూడా చూడకుండా అరిచినా. "అంత నొప్పి పెట్టుకొని నోరు మూసుకొని కూచుంటావా? చెప్పేదానికి ఏమైందిరా నీకు?"

మంచానికి ఒక పక్క నేను, ఇంకో పక్క వాని పెండ్లాము. కాళ్ల కాడ కొడుకులిద్దరూ నిలబడుండారు. వాడు మమ్మల్ని ఒక్కొక్కరినే చూసినాడు. కోపంగా గాదు, తమాషాకు గాదు, నిజంగానే తెలియక అడిగినాడు.

"ఎవురికి చెప్పల్లక్కా?"